సైనిక చట్టానికి స్వతంత్ర న్యాయమూర్తి ఏడీ?

2024 జులై 1న దేశంలో మూడు కొత్త నేర చట్టాలు అమల్లోకి వచ్చాయి. 1860 నాటి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. వలస పాలకుల నీడ తొలగిపోయిందని, ఇకపై శిక్ష కాదు, న్యాయమే లక్ష్యమని పాలకులు ఘనంగా చాటుకున్నారు. ఆ మూడు చట్టాల మంచిచెడ్డల చర్చ వేరు. మేము అడుగుతున్నది ఒక్కటే. వలస పాలన అవశేషాలను ఊడ్చివేయడమే సంకల్పమైతే, ఆ చీపురు సైనిక చట్టాల గడప దాకా ఎందుకు రాలేదు?

సైన్యాన్ని శాసిస్తున్నది 1950 నాటి సైనిక చట్టం. స్వతంత్ర దేశపు పార్లమెంటే దాన్ని ఆమోదించింది. అయితే దాని అస్థిపంజరం 1911 నాటి భారత సైనిక చట్టానిది. ఆ పాత చట్టం తెల్ల అధికారులు నల్ల సిపాయిలను అదుపులో ఉంచుకోవడానికి రాసుకున్నది. సిపాయి చేతిలో నష్టపోయిన గ్రామస్థుడి గోడు ఆ చట్టకర్తల ఊహలో లేదు. ఉండవలసిన అవసరమూ వారికి లేదు. శతాబ్దం గడిచింది. సిపాయి స్వతంత్ర దేశపు జవాను అయ్యాడు, గ్రామస్థుడు పౌరుడయ్యాడు. చట్టం మాత్రం వారిద్దరినీ ఇంకా పాత చూపుతోనే చూస్తున్నది.

మా వాదన సూటిగా చెబుతాము. ఏ విచారణకైనా ప్రాణం స్వతంత్రుడైన న్యాయమూర్తి. మన సైనిక చట్టంలో అతడు లేడు. అతడు లేనందువల్ల నష్టపోతున్నది కశ్మీరులోనో నాగాలాండులోనో కన్నబిడ్డను పోగొట్టుకున్న తల్లి ఒక్కతే కాదు. కడప నుంచో కరీంనగరు నుంచో వెళ్ళి యూనిఫాం ధరించిన జవాను కూడా అదే లోపానికి బలి అవుతున్నాడు. చట్టాన్ని నవీకరించడమంటే పేరు మార్చడమో, సెక్షన్ల అంకెలు మార్చడమో కాదు. ఆ ఖాళీ కుర్చీలో న్యాయమూర్తిని కూర్చోబెట్టడం.

పత్రిబల్ చెప్పే పాఠం

2000 మార్చి 20న కశ్మీరులోని ఛట్టీసింగ్‌పొరాలో 35 మంది సిక్కులను దుండగులు కాల్చి చంపారు. అది పరమ కిరాతకం. ఐదు రోజుల తరువాత పత్రిబల్ వద్ద ఐదుగురు విదేశీ ఉగ్రవాదులను మట్టుపెట్టామని, ఆ సిక్కుల హంతకులు వారేనని ప్రకటన వెలువడింది. మృతులు విదేశీయులు కారు, మా ఇళ్ళ నుంచి మాయమైన మా మనుషులేనని చుట్టుపక్కల గ్రామాల కుటుంబాలు మొరపెట్టుకున్నాయి. చివరికి సమాధులు తవ్వారు. డీఎన్ఏ పరీక్షల కోసం నమూనాలు మన హైదరాబాదులోని ప్రయోగశాలకు, కోల్‌కతాకు పంపారు. మొదట పంపిన నమూనాలు తారుమారయ్యాయని తేలింది. మృతుల ఇంటి స్త్రీలవని పంపినవాటిలో కొన్ని అసలు స్త్రీలవే కావు! రెండోసారి సేకరించిన నమూనాలతో నిజం బయటపడింది. చనిపోయినవారు స్థానికులైన సామాన్య పౌరులు.

సీబీఐ దర్యాప్తు చేసి 2006లో ఐదుగురు సైనిక సిబ్బందిపై అభియోగపత్రం దాఖలు చేసింది. ముందస్తు అనుమతి లేదన్న అభ్యంతరంతో వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2012 మే 1న న్యాయస్థానం తీర్పు చెప్పింది. సాధారణ కోర్టులో విచారణ కావాలో, కోర్టు మార్షల్ కావాలో ముందుగా సైన్యమే తేల్చుకోవాలన్నది. సైన్యం కోర్టు మార్షల్ మార్గాన్ని కోరుకున్నది. 2014 జనవరిలో, సాక్ష్యాధారాలు చాలవంటూ కేసును మూసివేసింది. సీబీఐ సేకరించిన సాక్ష్యం ఏ బహిరంగ న్యాయస్థానంలోనూ పరీక్షకు నిలవలేదు. కోర్టు మార్షల్ విచారణ సైతం జరగలేదు.

ఇక్కడ సుప్రీంకోర్టును నిందించి ఊరుకుంటే అసలు దోషి తప్పించుకుంటాడు. అసలు దోషి చట్టమే. సైనిక చట్టంలోని 125వ సెక్షన్ చూడండి. ఒక నేరాన్ని సాధారణ కోర్టు, కోర్టు మార్షల్ రెండూ విచారించగలిగినప్పుడు, ఏది విచారించాలో నిర్ణయించే అధికారాన్ని ఆ సెక్షన్ సైనికాధికారికే ఇచ్చింది. పౌరుణ్ణి చంపిన, అత్యాచారం చేసిన నేరాలను కోర్టు మార్షల్ విచారించకూడదని 70వ సెక్షన్ చెబుతున్న మాట నిజమే. కానీ దానికి మూడు మినహాయింపులున్నాయి: నేరం చేసినప్పుడు యాక్టివ్ సర్వీసులో ఉన్నా, దేశం వెలుపల ఉన్నా, ప్రభుత్వం ప్రకటించిన సరిహద్దు స్థావరంలో ఉన్నా ఆ నిషేధం వర్తించదు. ఏ ప్రాంతంలో ఏ సిబ్బంది యాక్టివ్ సర్వీసులో ఉన్నట్టు భావించాలో 9వ సెక్షన్ కింద కేంద్రం ఒక్క ప్రకటనతో తేల్చేయవచ్చు. అంటే పౌరులకు ఎక్కడ ఎక్కువ రక్షణ కావాలో, సరిగ్గా అక్కడే 70వ సెక్షన్ నిద్రపోతుంది. ముందు వాకిట తాళం వేసి దొడ్డివాకిలి బార్లా తెరిచినట్టున్నది ఈ ఏర్పాటు.

కోర్టు మార్షల్ జరిగిన చోట్ల మాత్రం ఏమైంది? 2010లో మాఛిల్‌లో ఉద్యోగాల ఆశ చూపి తీసుకువెళ్ళిన ముగ్గురు యువకులను చంపి ఉగ్రవాదులుగా చూపించారు. కోర్టు మార్షల్ ఐదుగురికి యావజ్జీవ శిక్ష వేసింది. 2017లో సాయుధ దళాల ట్రిబ్యునల్ ఆ శిక్షలను నిలిపివేసింది. 2020లో అంషీపొరాలో రాజౌరీకి చెందిన ముగ్గురు కూలీలు హతులయ్యారు. ఒక కెప్టెన్‌కు యావజ్జీవ శిక్ష సిఫారసు అయింది. 2023 నవంబరులో దాన్నీ ట్రిబ్యునల్ నిలిపివేసింది. ఈ రెండు కేసుల్లో సైన్యం తనంతట తాను విచారణ జరిపించిందని మేము అంగీకరిస్తాము. అది మెచ్చదగినదే. కానీ ఆ విచారణలో బాధిత కుటుంబం ఎవరు? సాక్షి, అంతే. తన తరఫున న్యాయవాదిని నిలబెట్టుకునే హక్కును, విచారణ ఎంతవరకు వచ్చిందో తెలుసుకునే హక్కును సైనిక చట్టం ఆ కుటుంబానికి ఇవ్వలేదు.

జవాను సంగతి

ఇంతవరకు చదివి, ఇది సైన్యానికి వ్యతిరేకంగా రాసిన వ్యాసమని తొందరపడి తీర్మానించేవారు ఉంటారు. వారిని ఒకమారు జవాను వైపు నుంచి ఈ చట్టాన్ని చూడమంటున్నాము.

జవాను మీద ఆరోపణ వచ్చినప్పుడు సమ్మరీ కోర్టు మార్షల్ అనే పద్ధతి ఒకటున్నది. అందులో కమాండింగ్ అధికారి ఒక్కడే న్యాయస్థానం. జవాను తన కింద పనిచేసేవాడు, ఆరోపణ తన యూనిట్‌లోనిది, తీర్పు చెప్పేదీ తానే. ఆ అధికారి లెఫ్టినెంట్ కర్నల్ లేదా ఆపై హోదా గలవాడైతే ఏడాది దాకా జైలుశిక్ష వేయవచ్చు. ఉద్యోగం ఊడగొట్టవచ్చు. ఇరవై ఏళ్ళ సేవ, దాంతోపాటు పింఛను ఆశ ఒక పూటలో గాలికి పోవచ్చు. ఇదే దేశపు వైమానిక దళ చట్టంలో ఈ పద్ధతి లేదు. అది లేనందువల్ల వైమానిక దళంలో క్రమశిక్షణ మంటగలిసిందని ఎవరైనా అనగలరా?

పెద్ద కోర్టు మార్షళ్ళ తీరూ గొప్పగా లేదు. విచారణకు ఆదేశించే అధికారే సభ్యులను నియమిస్తాడు. ఆ సభ్యులు న్యాయశాస్త్రం చదివినవారు కానక్కరలేదు. చట్టం తెలిసిన జడ్జి అడ్వొకేట్ పక్కనే ఉంటాడు గానీ అతడు సలహా ఇవ్వగలడు, ఓటు వేయలేడు. తీర్పుకు కారణాలు రాయనక్కరలేదని సుప్రీంకోర్టు 1969లోనే చెప్పింది, 1990లో మళ్ళీ చెప్పింది. పై అధికారి ధ్రువీకరించేదాకా ఆ తీర్పు చెల్లదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటేనంటారు. వడ్డించేవాడు పగవాడైతే ముందు బంతిలో కూర్చున్నా విస్తరి ఖాళీయే. జవాను భవితవ్యం చట్టం మీద కాక, అధికారి మంచితనం మీద ఆధారపడటంలోని అన్యాయం ఇదే.

ఏ సెక్షన్లోనూ ఇమడని తప్పులన్నింటికీ 63వ సెక్షన్ ఉండనే ఉన్నది. మంచి క్రమానికి, సైనిక క్రమశిక్షణకు భంగకరమైనదేదైనా నేరమే. శిక్ష ఏడేళ్ళ దాకా. ఏది భంగకరమో ముందుగా చెప్పరు. మతాచరణకు సంబంధించిన వివాదాలలోనూ ఈ అస్పష్టతే కనిపిస్తుంది. గడ్డం పెంచుకునే అనుమతి కోరిన ఒక ముస్లిం వైమానిక ఉద్యోగిని 2008లో సేవ నుంచి తొలగించారు. 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తొలగింపును సమర్థించింది. రెజిమెంటు ప్రార్థనా మందిరపు గర్భగుడిలోకి వెళ్ళి పూజలో పాల్గొనడానికి తన విశ్వాసం అంగీకరించదన్న ఒక క్రైస్తవ అధికారి తొలగింపునూ 2025లో ఉన్నత న్యాయస్థానాలు సమర్థించాయి. ఆ తీర్పులతో మాకు భేదాభిప్రాయం ఉన్నది. అయినా యూనిఫాంలో ఉన్నవాడికి కొన్ని పరిమితులు తప్పవని ఒప్పుకుంటాము. మేము కోరేది ఆ పరిమితులను అధికారుల ఉత్తర్వులు కాక, పార్లమెంటు చర్చించి చేసిన చట్టం స్పష్టంగా చెప్పాలని.

రాజ్యాంగంలోని 33వ అధికరణం సాయుధ దళాల సిబ్బంది ప్రాథమిక హక్కులను పరిమితం చేసే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది. విధి నిర్వహణకు, క్రమశిక్షణకు ఎంత అవసరమో అంతవరకే ఇచ్చింది. దాన్ని ఇంతకాలంగా రెండు విధాల దుర్వినియోగం చేస్తూ వచ్చారు. క్రమశిక్షణ పేరుతో జవానుకు సరైన విచారణను నిరాకరించారు. ఆ అధికరణం ప్రస్తావనే లేని పౌరుడి హక్కును కూడా అదే పేరుతో బ్యారక్ గోడ వెనక్కి నెట్టారు.

ఒకే న్యాయమూర్తి, రెండు నివేదికలు

ఈ రెండు అన్యాయాల మీదా కలం కదిపినవారు మన తెలుగు న్యాయమూర్తి కావడం యాదృచ్ఛికమే గానీ గుర్తుంచుకోదగిన విషయం. ఆయన సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి.

కోర్టు మార్షల్ తీర్పుపై ఒక్క అప్పీలైనా లేకపోవడం శోచనీయమని సుప్రీంకోర్టు 1982లోనే పృథీపాల్ సింగ్ బేడీ కేసులో ఎత్తిచూపింది. ప్రభుత్వం కదలలేదు. జస్టిస్ జీవన్‌రెడ్డి అధ్యక్షతన లా కమిషన్ 1999లో 169వ నివేదిక సమర్పించింది. సైనిక, నౌకా, వైమానిక దళాల చట్టాలను సవరించి అప్పీలు ట్రిబ్యునల్ ఏర్పాటు చేయాలన్నది. 2007లో చట్టం వచ్చింది. 2009లో ట్రిబ్యునల్ పని మొదలుపెట్టింది. సుప్రీంకోర్టు అడిగిన పాతికేళ్ళకు చట్టం, ఇరవై ఏడేళ్ళకు ట్రిబ్యునల్! ఇప్పుడు మన రెండు రాష్ట్రాలూ దాని చెన్నై బెంచి పరిధిలో ఉన్నాయి. ఆ ట్రిబ్యునల్ రక్షణ మంత్రిత్వశాఖ చేతి కిందనే ఉన్నది. ట్రిబ్యునల్ ముందు నిలబడే ప్రతివాదే దానికి యజమాని కావడం ఏ రకం స్వతంత్రతో పాఠకులే చెప్పాలి. అయినా అంతవరకైనా మేలే.

రెండో నివేదిక గతి వేరు. 2004 జులైలో మణిపూర్‌లో అస్సాం రైఫిల్స్ అదుపులోకి తీసుకున్న మనోరమ శవమై తేలింది. ఇంఫాల్‌లో కాంగ్లా కోట ముందు తల్లులు వివస్త్రలై నిరసన తెలిపారు. దేశం సిగ్గుతో తలదించుకున్నది. సాయుధ దళాల ప్రత్యేకాధికారాల చట్టాన్ని సమీక్షించడానికి కేంద్రం జస్టిస్ జీవన్‌రెడ్డి అధ్యక్షతన కమిటీ వేసింది. సైన్యంలో ఉన్నతాధికారిగా పనిచేసిన వ్యక్తి కూడా అందులో సభ్యుడు. 2005 జూన్ 6న నివేదిక అందింది. ఆ చట్టాన్ని రద్దు చేయాలని కమిటీ చెప్పింది. ప్రభుత్వాలు మారాయి. నివేదిక మాత్రం అమలుకు నోచుకోలేదు. దాని బదులు యూఏపీఏలో మార్పులు చేయాలన్న కమిటీ సూచనతో మేము ఏకీభవించము. ఆ చట్టం కింద బెయిలు లేకుండా ఏళ్ళ తరబడి జైళ్ళలో మగ్గుతున్న యువకుల తల్లిదండ్రులు మన మధ్యనే ఉన్నారు. కానీ రద్దు చేయమన్న ప్రధాన సిఫారసు వెనుక ఉన్న న్యాయదృష్టిని మేము శిరసావహిస్తాము.

ఆ ప్రత్యేకాధికారాల చట్టం పుట్టుక తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమాన్ని అణచడానికి వైస్రాయ్ లిన్‌లిత్‌గో తెచ్చిన ఆర్డినెన్సు దానికి మాతృక. కాల్పులకు ఆదేశించే అధికారాన్ని తెల్లదొర కెప్టెన్ హోదాకు తగ్గనివారికే ఇచ్చాడు. 1958లో మన పార్లమెంటు చేసిన చట్టం దాన్ని నాన్ కమిషన్డ్ అధికారుల స్థాయి దాకా దించింది. గాంధీజీని జైల్లో పెట్టిననాటి ఆర్డినెన్సు కంటే స్వతంత్ర భారత చట్టం ఒక మెట్టు దిగువన ఉండటం వలస నీడ తొలగిపోవడమా, మరింత చిక్కబడటమా?

ఆ చట్టం కింద సైనికుడిపై కేసు నడవాలంటే కేంద్రం ముందస్తు అనుమతి కావాలి. జమ్మూ కశ్మీరు నుంచి అలా వచ్చిన వినతులు 50 అని, వాటిలో 47 తిరస్కరించామని, మూడు పరిశీలనలో ఉన్నాయని కేంద్రమే 2018 జనవరిలో రాజ్యసభకు చెప్పింది. ఒక్కటీ మంజూరు కాలేదు. 2021 డిసెంబరు 4న నాగాలాండులోని ఓటింగ్ వద్ద, గని పని ముగించుకుని ఇంటికి పోతున్న ఆరుగురు కూలీలను పొరపాటున ఉగ్రవాదులనుకుని కాల్చి చంపారు. ఆ తరువాతి ఘర్షణలో మరికొందరు గ్రామస్థులు బలయ్యారు. నాగాలాండు పోలీసులు 30 మందిపై అభియోగపత్రం వేశారు. కేంద్రం అనుమతి నిరాకరించింది. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ కేసులను ముగించింది. అక్కడ మరణించినవారు ముస్లింలు కారు, నాగా క్రైస్తవులు. మణిపూర్ తల్లులూ ముస్లింలు కారు. ఇది ఒక మతానికి చెందిన ఫిర్యాదు కాదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

కొత్త చట్టాల సంగతికి మళ్ళీ వద్దాము. భారతీయ నాగరిక సురక్షా సంహిత 218వ సెక్షన్ ఒక మంచి మార్పు తెచ్చింది. ప్రభుత్వోద్యోగిపై విచారణకు అనుమతి కోరితే 120 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టే. కానీ ఆ గడువు సాయుధ దళాలకు సంబంధించిన ఉపసెక్షన్‌లో కనిపించదు! చేయి తిరిగిన చట్టకర్తలు మరచిపోయి వదిలేశారని మేము నమ్మలేము. 2023లో త్రివిధ దళాల ఉమ్మడి సంస్థల క్రమశిక్షణ కోసం తెచ్చిన చట్టమూ అంతే. ఎవరు ఎవరిని ఆజ్ఞాపించాలో మార్చింది గానీ, తీర్పు ఎవరు చెప్పాలన్న ప్రశ్న జోలికి పోలేదు.

మన నేల మీది జ్ఞాపకం

దక్కనులోని ముస్లింలకు ఈ ప్రశ్న దూరపు కొండల ముచ్చట కాదు. 1948 సెప్టెంబరు 13 నుంచి ఐదు రోజుల్లో ముగిసిన పోలీసు చర్య, దాని వెంట జరిగిన మారణకాండ మన పెద్దల నోట విన్నదే. అంతకు ముందు రజాకార్లు సాగించిన దౌర్జన్యాలను మేము దాచడం లేదు, సమర్థించడమూ లేదు. వాటికి ప్రతీకారం నిరాయుధులైన గ్రామస్థుల మీద తీర్చుకోవడాన్ని మాత్రం ఏ ధర్మమూ ఒప్పదు. నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ ప్రభృతుల బృందం ఊరూరా తిరిగి, పోలీసు చర్య సమయంలోను, ఆ తరువాత 27 వేల నుంచి 40 వేల మంది దాకా మరణించారని తక్కువలో తక్కువగా అంచనా కట్టింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువగా నష్టపోయాయన్నది. కొన్నిచోట్ల సైనికులు కూడా లూటీల్లో, హత్యల్లో పాల్గొన్నారని నమోదు చేసింది. ప్రభుత్వం ఆ నివేదికను ప్రచురించలేదు. 2013 దాకా అది సామాన్యుల కంటపడలేదు.

ఆ నివేదికలో మరో మాట ఉన్నది. సైన్యానికి నాయకత్వం వహించిన జనరల్ చౌదరి మతద్వేషం లేనివాడని, క్రమశిక్షణకు మారుపేరని ఆ బృందమే మెచ్చుకున్నది. మా వాదన అంతా ఆ ఒక్క వాక్యంలో ఉన్నది. పైన ఉన్న సేనాని సజ్జనుడు. అయినా కింద ఘోరం జరిగింది. బాధితులు తలుపు తట్టగల న్యాయస్థానం ఏదీ లేకపోయింది. మంచి అధికారి ఉండటం అదృష్టం, మంచి చట్టం ఉండటం హక్కు. అదృష్టాన్ని నమ్ముకుని పౌరులు బతకలేరు. ఆ ఘోరం జరిగి రెండేళ్ళు నిండకముందే 1950 సైనిక చట్టం వచ్చింది. దాని సెక్షన్లలో ఆ గాయం నుంచి నేర్చుకున్న పాఠం ఒక్కటైనా కనిపించదు.

అభ్యంతరాలకు సమాధానం

సైనికులను సాధారణ కోర్టులకు ఈడిస్తే వారి స్థైర్యం దెబ్బతింటుందని ఒక అభ్యంతరం. ఎవరి స్థైర్యం? గ్రామస్థులను కాపాడుతూ ప్రాణాలిచ్చే జవానుకు, గ్రామస్థుణ్ణి చంపి పతకం కోసం తుపాకీ పక్కన పెట్టి ఫొటో తీయించుకునేవాడికి మధ్య గీత గీయడం మొదటివాడికి అవమానమా? ఝాంగర్ వద్ద నేలకొరిగిన బ్రిగేడియర్ ఉస్మాన్‌కు, 1965లో పాకిస్తాన్ ట్యాంకులను ధ్వంసం చేసి పరమవీరచక్రం పొందిన హవల్దార్ అబ్దుల్ హమీద్‌కు నేరస్థులను దాచే చట్టంతో పనిలేదు. వారి యూనిఫాం మీద మచ్చ పడకూడదనే మేము ఈ మాట చెబుతున్నాము.

శత్రువులు దొంగ కేసులు పెట్టించి సైన్యాన్ని చికాకు పెడతారన్నది రెండో అభ్యంతరం. అందులో కొంత నిజముండవచ్చు. దొంగ కేసును దొంగ కేసని తేల్చగలిగినది స్వతంత్ర న్యాయస్థానమే. తలుపులు మూసి తేల్చిన నిర్దోషిత్వాన్ని లోకం నమ్మదు. నిజంగా నిర్దోషి అయిన సైనికుడు కూడా జీవితాంతం అనుమానపు నీడలో బతకవలసి వస్తుంది. పైగా విధి నిర్వహణలో సద్భావంతో చేసిన పనికి సంపూర్ణ విచారణ నుంచి రక్షణ ఉండదని, అలాగని ప్రతి కాల్పూ నేరం కాదని సుప్రీంకోర్టు 2016లో మణిపూర్ కేసులో ఇప్పటికే స్పష్టం చేసింది.

ఇతర దేశాల్లో ఇలా ఉంటుందా అన్నది మూడోది. మనకు ఈ చట్టాన్ని అంటగట్టిన బ్రిటన్‌నే చూద్దాము. ఫాక్‌లాండ్ యుద్ధంలో పాల్గొన్న ఫిండ్లే అనే సైనికుడు, తనను విచారించిన కోర్టు మార్షల్ స్వతంత్రమైనది కాదని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్ళాడు. 1997లో గెలిచాడు. విచారణకు ఆదేశించే అధికారే సభ్యులను నియమించి, తీర్పునూ ధ్రువీకరించడం అన్యాయమని ఆ కోర్టు చెప్పింది. సరిగ్గా ఇప్పటికీ మన దగ్గర సాగుతున్న పద్ధతే అది. బ్రిటన్ తన చట్టాన్ని మార్చుకున్నది. 2006 చట్టంతో త్రివిధ దళాలకూ ఒకే శాశ్వత కోర్టు మార్షల్‌ను ఏర్పరిచి, విచారణను సివిలియన్ న్యాయాధికారి చేతిలో పెట్టింది. ఇంకో విశేషం, అక్కడి సాయుధ దళాల చట్టాన్ని ఐదేళ్ళకొకసారి పార్లమెంటు కొత్త చట్టంతో కొనసాగించకపోతే అది గడువు తీరిపోతుంది. 2011, 2016, 2021 సంవత్సరాల్లో అలాగే కొనసాగించారు. ప్రజాప్రతినిధుల సమ్మతి లేకుండా శాంతికాలంలో సైన్యం ఉండకూడదన్న మూడు శతాబ్దాల నాటి నియమం అది. ఆ నియమాన్ని దొరలు తమ దేశంలో ఉంచుకుని, మనకు మిగతాది ఇచ్చి పోయారు. అమెరికా కూడా లైంగిక దాడులు, హత్యల వంటి కేసుల్లో అభియోగం మోపే అధికారాన్ని కమాండర్ల నుంచి తీసి ప్రత్యేక న్యాయాధికారులకు ఇచ్చింది. 2023 డిసెంబరు నుంచి అది అమల్లో ఉన్నది. ఆ దేశాల సైన్యాలు కూలిపోలేదు.

ముస్లింలు అధిక సంఖ్యాకులైన దేశాల గురించి మౌనం వహిస్తారన్న నింద మా మీద పడకూడదు. పాకిస్తాన్‌లో పౌరులనే సైనిక కోర్టుల్లో విచారించడం చెల్లదని అక్కడి సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. 2025 మే నెలలో అదే కోర్టులోని రాజ్యాంగ ధర్మాసనం ఆ తీర్పును తిరగదోడింది. అది ఘోరమైన వెనుకడుగు. న్యాయానికి మన, పర భేదం లేదు. మన దేశం ఆ దారిన పోకూడదనే మా తపన.

మా కోరికలు

పార్లమెంటు ముందు, మన రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీల ముందు ఈ కోరికలు ఉంచుతున్నాము.

1. పౌరుల హత్య, అత్యాచారం, చిత్రహింస, అపహరణ ఆరోపణలను ఎక్కడ జరిగినా సాధారణ న్యాయస్థానాలే విచారించాలి. ఆ నేరాలకు 125వ సెక్షన్ ఎంపిక వర్తించకుండా, 70వ సెక్షన్‌లోని మినహాయింపులు తొలగించాలి.

2. విచారణకు అనుమతి కోరితే 120 రోజుల గడువు సాయుధ దళాలకూ వర్తించాలి. తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా బాధిత కుటుంబానికి ఇవ్వాలి.

3. సైనిక నేరాల విచారణకు శాశ్వత న్యాయస్థానం ఉండాలి. దానికి న్యాయవిద్య గల స్వతంత్ర న్యాయమూర్తి అధ్యక్షత వహించాలి. ప్రతి తీర్పుకూ కారణాలుండాలి.

4. శాంతికాలంలో సమ్మరీ కోర్టు మార్షల్‌ను రద్దు చేయాలి.

5. సాయుధ దళాల ట్రిబ్యునల్‌ను రక్షణ శాఖ అజమాయిషీ నుంచి తప్పించాలి.

6. బాధిత కుటుంబానికి విచారణలో స్థానం, న్యాయవాది, అప్పీలు హక్కు ఉండాలి.

7. ప్రత్యేకాధికారాల చట్టాన్ని రద్దు చేయాలి. సైనిక చట్టాలను ఐదేళ్ళకోసారి పార్లమెంటు సమీక్షించాలి. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని విచారణలు జరిగాయి, ఎన్ని అనుమతులు నిరాకరించారు అన్న లెక్క ఏటా సభ ముందు పెట్టాలి.

వీటిలో ఏ ఒక్కటీ సైన్యం చేతులు కట్టివేసేది కాదు. యుద్ధభూమిలో కాల్చే నిర్ణయం సైనికుడిదే. కాల్చిన తరువాత అది న్యాయమా, నేరమా అన్న నిర్ణయం మాత్రం అతడి పై అధికారిది కాకూడదు, అతడి తోటివారిది కాకూడదు.

పత్రిబల్ మృతుల నమూనాలు హైదరాబాదు దాకా ప్రయాణించాయి. ఇక్కడి ప్రయోగశాలలో శాస్త్రం తన పని తాను చేసింది, అబద్ధాన్ని అబద్ధమని చెప్పింది. చెప్పలేకపోయింది చట్టం. తన మనిషిని తన మనిషేనని నిరూపించుకోవడానికి ఆ కుటుంబాలు రక్తం ఇచ్చాయి. వాటికి ఇంతవరకు ఒక్క రోజు బహిరంగ విచారణ దక్కలేదు. ఆ ఒక్క రోజు దక్కేదాకా, చట్టపుస్తకానికి ఎన్ని కొత్త అట్టలు వేసినా అది పాత పుస్తకమే.